శ్వాస తొడుగులు రద్దయిన తర్వాత

కృత్రిమ మేధను ఎంతవరకు నమ్ముకోవచ్చన్న వాదన రాజుకున్నప్పుడల్లా ఆంగ్ల రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో రాసిన ‘ది మెషీన్ స్టాప్స్’ కథ మళ్లీ చర్చలోకి వస్తుంది. భూగర్భంలో మనిషికో గది, మీట నొక్కితే తిండి, పడక, సంగీతం, పలకలో కనిపించే ముఖాలతో మాటలు. అన్నీ నడిపేది ఒకే మహాయంత్రం. 2020 లాక్‌డౌన్‌లో అందరికీ గుర్తొచ్చింది ఆ పలకే. వీడియో కాల్‌ను అంత ముందే ఊహించాడని మెచ్చుకోవడం న్యాయమే. కానీ నేటి తగువుకు జవాబు మూడో భాగంలో ఉంది.

కథలో కూనో అనే యువకుడు అనుమతి లేకుండా పాత గాలిగొట్టం గుండా నేల మీదికి వెళ్లొస్తాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు, పైకి వెళ్లేవాళ్లు వాడే శ్వాస తొడుగులను రద్దు చేస్తారు. తాము చెప్పే విషయాన్ని కళ్లారా చూసే దారి మూసుకుపోయిందని కొందరు ఉపన్యాసకులు మాత్రం గొణుగుతారు. సముద్రం మీద ప్రసంగాన్ని పాత ప్రసంగాల నుంచే కూర్చినా రక్తి కడుతోందని తేలాక వాళ్లూ సర్దుకుంటారు. ఉన్న రాతల నుంచి కొత్త రాతలు అల్లే యంత్రాలు చేతికొచ్చిన ఈ కాలంలో అందరూ చదవాల్సిన పేరా అది.

పతనం మెల్లగా మొదలవుతుంది. ముందు సంగీతంలో అపశ్రుతి. కూనో తల్లి వాష్తి మరమ్మతు కమిటీకి ఫిర్యాదు చేస్తే, కేంద్ర కమిటీకి పంపుతామంటారు. కొన్నాళ్లకు ఆ అపశ్రుతే పాటలో భాగమైపోతుంది. స్నానాల నీరు కంపు కొడుతుంది, పళ్లు బూజు పడతాయి, జనం వాటికీ అలవాటుపడతారు. పడకలు రావడం మానేశాకే అసలు సంగతి బయటపడుతుంది: మరమ్మతు యంత్రానికే మరమ్మతు కావాలి. నిర్మాతలు పూర్తి సూచనలు రాసిపెట్టే పోయారు. వారసుల్లో ఎవరికి వారు తమ ముక్క నేర్చుకున్నారు, మొత్తం తెలిసినవాడు లోకంలో ఒక్కడూ మిగల్లేదు.

ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ తన రచనల్లో చూపిన స్వర్గాల్లో ఒకదానికి ఇది ప్రతిస్పందన అని ఫార్‌స్టరే తర్వాత చెప్పాడు. యంత్రం చాకిరీ తప్పిస్తుందన్న వెల్స్ ఆశలో నిజముంది. అయితే ఆ యంత్రాన్ని బాగుచేసే చేతులు ఎవరివన్న ప్రశ్నను పట్టుకున్నది ఫార్‌స్టర్.

కృత్రిమ మేధకు నిషేధమే దారి అనేవాళ్ల మూలాలు ఇంకా వెనక ఉన్నాయి. 1863లో న్యూజిలాండ్ పత్రిక ‘ది ప్రెస్’లో రచయిత శామ్యూల్ బట్లర్, యంత్రాలు మనల్ని మించకముందే వాటిపై యుద్ధం ప్రకటించాలని మారుపేరుతో రాశాడు. 1872లో వచ్చిన ఆయన ‘ఎరెవాన్’ నవలలో ఆ పని జరిగిపోయి ఉంటుంది: గత 271 ఏళ్లలో కనిపెట్టినవన్నీ ధ్వంసం. చాకలివాళ్ల బట్టలు పిండే యంత్రాన్ని ఉంచాలా వద్దా అని ఏళ్ల తరబడి తగువులాడాకే ఆ అంకె తేలింది. శక్తిమంతమైన కృత్రిమ మేధ మోడళ్ల శిక్షణ ఆరు నెలలు ఆపాలన్న 2023 మార్చి బహిరంగ లేఖకూ ఇదే చిక్కు: గీత ఎక్కడ గీయాలి?

ఫార్‌స్టర్ పక్షాన సాక్ష్యం 2024 జులై 19న దొరికింది. కంప్యూటర్లకు రక్షణ కల్పించే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైల్ లోపంతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు మొరాయించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. అక్కడ కాగితం ఇంకా రద్దు కాలేదు కాబట్టి పని నడిచింది. తెరపైకి రాకుండానే మళ్లీ మళ్లీ రీస్టార్టయ్యే యంత్రాల్లో చాలావాటికి దూరం నుంచి మందు వేయడం కుదరలేదు. ఒక్కోదాని ముందు మనిషి కూర్చొని, అత్యవసర భాగాలే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, పేరులో 291 అంకె ఉన్న ఆ లోపభూయిష్ట ఫైలును తొలగించాల్సి వచ్చింది. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ రక్షణ తాళం ఉంటే, దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ కూడా కావాల్సి వచ్చింది. కొన్ని సంస్థల్లో ఆ కీలు దాచిన సర్వర్లు కూడా అప్పటికే ఆగిపోయి ఉన్నాయి.