రెండు డాక్సీ మాత్రలు హెచ్‌ఐవీని ఆపవు: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో చర్మ, సుఖవ్యాధుల వైద్యుడిగా పనిచేస్తున్న నా దగ్గరకు ఇటు గంజాం జిల్లా నుంచీ, అటు ఇచ్ఛాపురం, సోంపేటల నుంచీ వచ్చే యువకుల్లో చాలామంది ఈ మధ్య ఒకటే మాట చెబుతున్నారు: లైంగిక సంబంధం తర్వాత రెండు డాక్సీసైక్లిన్ (డాక్సీ) మాత్రలు వేసుకుంటే ఇక ఏ జబ్బూ అంటదట. ఈ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే దీనివల్ల జరిగే నష్టం ఎక్కువ.

అపోహ: డాక్సీ వేసుకుంటే హెచ్‌ఐవీ కూడా రాదు.

వాస్తవం: డాక్సీ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు. హెచ్‌ఐవీ, హెర్పిస్, హెచ్‌పీవీ వైరస్‌లు కాబట్టి వాటి మీద అది పనిచేయదు. తికమక అంతా 72 గంటల దగ్గర వస్తోంది. బ్యాక్టీరియా వల్ల వచ్చే సుఖవ్యాధులు రాకుండా, కండోమ్ లేని సంబంధం జరిగిన 72 గంటల్లోగా 200 మిల్లీగ్రాముల డాక్సీ ఒక్కసారి వేసుకోవడం ఒక పద్ధతి. హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ చికిత్సను కూడా 72 గంటల్లోగానే మొదలుపెట్టాలి గానీ, అవి పూర్తిగా వేరే మందులు. పెప్‌ను వీలైతే మొదటి గంటల్లోనే మొదలుపెట్టి 28 రోజులు ఆపకుండా వాడాలి.

సూరత్ మగ్గాల్లో పనిచేసే ఒక యువకుడు పండక్కి ఇంటికి వచ్చి, నన్ను ఐదో రోజున కలిశాడు. చొక్కా జేబులోంచి రెండు గదులు చిరిగిన డాక్సీ స్ట్రిప్ తీసి, "మర్నాడే వేసీసుకున్నానండి, ఇంకేం భయం లేదు కదండీ?" అని అడిగాడు. ఆ స్ట్రిప్ చేతికిచ్చిన దుకాణదారు అతన్ని అదే రోజు పెద్దాసుపత్రికి పంపి ఉంటే పెప్‌కు కావలసినంత సమయం ఉండేది. మూడు నెలల తర్వాతి పరీక్షలో హెచ్‌ఐవీ లేదనే వచ్చింది, కానీ ఆ మూడు నెలలూ అతను భార్యకు కారణం చెప్పలేక, నిద్రపట్టక ఎంత నలిగిపోయాడో నేను చూశాను. భయపడి వచ్చినవాడికి అరకొర సమాచారంతో మందు అమ్మడం నా దృష్టిలో చిన్న తప్పు కాదు.

అపోహ: ఇది ఎవరైనా వేసుకోదగ్గ మందు.

వాస్తవం: 2023లో వెలువడిన అమెరికా అధ్యయనం పురుషులతో సంబంధం ఉన్న పురుషులు, ట్రాన్స్ మహిళల మీద జరిగింది; వారిలో సవాయి (సిఫిలిస్), క్లమీడియా బాగా తగ్గాయి, సెగ (గనేరియా) మీద ప్రభావం కొంత తక్కువగా కనిపించింది. ఇలాంటి అధ్యయనాల ఆధారంగా అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ఇచ్చిన సిఫారసు కూడా ముఖ్యంగా ఈ వర్గాల్లో గత 12 నెలల్లో ఇలాంటి జబ్బు వచ్చినవారిని ఉద్దేశించినదే. కెన్యాలో మహిళల మీద జరిగిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ ప్రయోజనం తేలలేదు; అయితే చాలామంది మాత్రలు సరిగా వాడలేదని జుట్టు పరీక్షల్లో కనబడింది కాబట్టి, మందే పనిచేయదని దాన్నిబట్టి తీర్మానించలేము. గర్భిణులు దీన్ని వాడకూడదు.

అపోహ: ప్రభుత్వ సుఖవ్యాధుల కేంద్రమైన సురక్షా క్లినిక్‌లో అడిగితే ముందుజాగ్రత్తగా మాత్రలు ఇస్తారు.

వాస్తవం: అక్కడిచ్చే రంగురంగుల మందుల కిట్లు లక్షణాలున్నవారి చికిత్స కోసం; ఉదాహరణకు, మూత్రనాళంలో చీము వచ్చినవారికిచ్చే బూడిదరంగు కిట్‌లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉంటాయి. డాక్సీ కావాలనుకునేవారు తమకు వచ్చిన పాత జబ్బుల కాగితాలు, తాజా వీడీఆర్ఎల్ (సవాయి రక్తపరీక్ష), హెచ్‌ఐవీ ఫలితాలు తీసుకుని వైద్యుడి దగ్గర దాపరికం లేకుండా మాట్లాడితే, ఎవరికి తగునో ఆయన చూసి చీటీ రాస్తారు. ఆ తర్వాత కూడా మూడు నెలలకొకసారి పరీక్షలు తప్పవు, ఎందుకంటే మందు వాడుతున్నా సవాయి రావచ్చు.

ఇక మిగిలినవి క్లుప్తంగా. రోజుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. పాలు, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు; లేకుంటే అన్ననాళం పుండు పడవచ్చు. ఎండలో తిరిగేవారికి చర్మం కమిలే అవకాశం ఉంది.

సంబంధం జరిగి 72 గంటలు దాటకపోతే మాత్రం ముందు డాక్సీ గురించి ఆలోచించకుండా, అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి పెప్ గురించి అడగండి. దారి తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) సహాయవాణి 1097కు ఫోన్ చేయండి, దానికి డబ్బు పడదు.