ఆయాకు మినహాయింపు

కాథరిన్ స్టాకెట్ 2009లో వెలువరించిన ‘ద హెల్ప్’ నవల అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో, 1960ల మొదట్లో నడుస్తుంది. అందులో తెల్ల ఇల్లాలు ఒకావిడ, నల్లజాతి పనిమనుషులకు ప్రతి ఇంట్లోనూ వేరే మరుగుదొడ్డి కట్టించాలని పట్టుబడుతుంది. జబ్బులు అంటుకుంటాయట! ఆ ఇళ్లలో వంట చేసేదీ, పిల్లలకు ముద్దలు పెట్టేదీ ఆ చేతులే.

ఈ వింత తర్కం అప్పటికే చట్టాల్లో ఉంది. పక్క రాష్ట్రం లూసియానా 1890లో రైళ్లలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేర్వేరు పెట్టెలుండాలని శాసించింది. వేరే జాతి పిల్లల్ని చూసుకునే ఆయాలకు మాత్రం మినహాయింపు. తెల్ల పిల్ల చంకలో ఉంటే నల్ల ఆయా తెల్లవాళ్ల పెట్టెలో దర్జాగా కూర్చోవచ్చు. అదే మనిషి ఒంటరిగా ఎక్కితే నేరం. 1896లో ప్లెస్సీ అనే ప్రయాణికుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు ‘వేరైనా సమానమే’ అంటూ సమర్థించింది ఈ చట్టాన్నే.

బానిసత్వం 1865లో రద్దయినా వంటింటి చాకిరీ తప్పలేదు. 1940 నాటికి కూడా ఉద్యోగం చేసే నల్లజాతి స్త్రీలలో పదిమందికి సుమారు ఆరుగురు ఇళ్లలో పనిచేసేవాళ్లే. మిగిలిన తిండి గిన్నెలో పెట్టి ఇంటికి పంపి, దాన్నీ జీతం కింద జమకట్టుకున్న యజమానులున్నారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో 1935లో సోషల్ సెక్యూరిటీ అనే వృద్ధాప్య పింఛను, అదే ఏడాది కార్మిక సంఘం పెట్టుకునే హక్కు, 1938లో కనీస వేతనం వచ్చాయి. మూడింటిలోనూ పొలం కూలీలనూ ఇంటిపనివాళ్లనూ పక్కన పెట్టారు. చట్టసభలోని దక్షిణాది సభ్యుల ఒత్తిడే కారణమని చాలామంది చరిత్రకారులు అంటారు; చిన్న యజమానుల నుంచి పింఛను పన్ను వసూలు కష్టమన్నారని ఇంకొందరు. నాకు మొదటి మాటే నమ్మకంగా అనిపిస్తుంది.

నవలతో నా పేచీ వేరు. పనిమనుషుల గోడు బయటికి రావడానికి అందులో ఓ తెల్ల అమ్మాయి కలం పట్టాల్సి వస్తుంది. 2011లో సినిమా వచ్చినప్పుడు నల్లజాతి మహిళా చరిత్రకారుల సంఘం కూడా గట్టిగా అభ్యంతరం చెప్పింది: యజమానుల లైంగిక వేధింపులు ఎక్కడ, హక్కుల పోరాటంలో ఈ స్త్రీల పాత్ర ఎక్కడ అని.

నిజానికి అదే జాక్సన్‌లో, నవల కాలానికి దాదాపు వందేళ్ల ముందు, 1866 జూన్‌లో, బట్టలుతికే నల్లజాతి స్త్రీలు మేయరుకు ఉత్తరం రాశారు. తమ కూలి రేట్లు ఇవీ అన్నారు: రోజుకు డాలరున్నర, కుటుంబం బట్టలకు నెలకు 15 డాలర్లు, ఒంటరివాళ్లకు 10. అంతకు తక్కువకు ఒప్పుకున్న తమవాళ్లకు తామే జరిమానా వేస్తామన్నారు. బానిసత్వం పోయి ఏడాది గడిచిందో లేదో! 1881లో అట్లాంటాలో 20 మందితో మొదలైన ఉతికేవాళ్ల సంఘం కొద్ది వారాల్లోనే 3,000కు పెరిగి సమ్మె చేసింది. 1955 డిసెంబరు నుంచి అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో జాతి వివక్షకు నిరసనగా వాటిని ఎక్కకుండా 381 రోజులు కాళ్లరిగేలా నడిచినవాళ్లలో వంటమనుషులు, ఆయాలు ఎందరో.

1968లో డొరొతీ బోల్డెన్ అనే పనిమనిషి అట్లాంటాలో ఇంటిపనివాళ్ల సంఘం పెట్టింది. సభ్యత్వానికి షరతు ఒకటుంది: ఓటరుగా నమోదు కావాలి. కనీస వేతన చట్టం ఇంటిపనివాళ్ల దాకా రావడానికి 1974 వరకూ పట్టింది. సంఘాలకు రక్షణనిచ్చే 1935 ఫెడరల్ చట్టంలోని మినహాయింపు మాత్రం ఇంకా అలాగే ఉంది.