పైంటు రేటు సరే, చిక్కదనం ఎంత?

పాల కేంద్రంలో పాలు పోసేవాళ్లకి లీటరు రేటు అంటూ ఒకటుండదు, వెన్న శాతం ఎంతుంటే డబ్బులు అంత. ఇంగ్లండ్ పబ్బులో కూర్చుని డ్రాఫ్ట్ బిట్టర్ (పీపాలోంచి గ్లాసులోకి పట్టిచ్చే ఓ రకం ఇంగ్లీషు బీరు) తాగేవాడికి మాత్రం చాలాకాలం ఈ అదృష్టం లేదు. పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు, ఎంతకి ఇస్తారో అడిగితే చెప్తారు. అందులో అసలు సరుకెంతో తెలిసింది మాత్రం ఇద్దరికే: బీరు కాసేవాడికి, పన్ను వసూలు చేసేవాడికి.

బిట్టర్ అంటే చేదు కదా, పేరుని బట్టి చెప్పలేమా అంటే చెప్పలేం. చేదు హాప్స్ పూలని ఉడకబెట్టడం వల్ల వస్తుంది, కిక్కు మాల్ట్ అనే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని చక్కెర వల్ల వస్తుంది, ఈ రెండిటికీ చుట్టరికం లేదు. (మన వైన్ షాపుల దగ్గర కూడా "చేదుగా ఉందంటే స్ట్రాంగే" అనేవాళ్లు కనిపిస్తారు, వాళ్లతో వాదన పెట్టుకోకండి.)

కాబట్టి పాత బిట్టర్లని పోల్చాలంటే పట్టుకోవాల్సింది ఒరిజినల్ గ్రావిటీ అనే అంకెని. మాల్ట్ నానబెట్టి తీసిన తియ్యటి ద్రవం ఈస్ట్ కలపక ముందు ఎంత చిక్కగా ఉందో చెప్పే లెక్క అది. నీళ్లు 1000 అయితే ఓ మామూలు బిట్టర్ 1036 దగ్గర ఉంటుంది. కొలిచేది పాలల్లో ముంచే లాక్టోమీటర్ లాంటి పరికరంతోనే. ఈస్ట్ చక్కెర తినేసి ఆల్కహాల్ చేసేకొద్దీ ఆ అంకె దిగుతుంది, మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 0.131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వచ్చేస్తుంది.

ఈ అంకెలు మనకి మిగలడానికి కారణం పన్నే. 1880లో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ మీద పన్ను ఎత్తేసి, గ్రావిటీని బట్టి బీరు మీద వేశాడు. 1889 నుంచి లెక్కకి ప్రమాణం 1055 గ్రావిటీ ఉన్న 36 గాలన్ల పీపా, అంటే 288 పైంట్లు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ పీపాకి పన్ను 7 షిల్లింగుల 9 పెన్నీలు (షిల్లింగుకి 12 పెన్నీలు), పైంటుకి పెన్నీలో మూడో వంతు కూడా పడదు. 1914 నవంబరులో ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ దాన్ని ఒక్క దెబ్బకి 23 షిల్లింగులు చేశాడు, పైంటుకి దాదాపు ఒక పెన్నీ. 1920కి వంద షిల్లింగులు, పైంటుకి నాలుగు పెన్నీల పైమాటే!

రేట్లు పెరిగాయి, నిజమే. కానీ అదంతా రేటులో చూపిస్తే పబ్బులో గొడవలైపోతాయి కదా, అందుకని కొంత గ్లాసులో సర్దేశారు. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఏళ్ల తరబడి అయిదు రూపాయలకే దొరుకుతూ లోపల బిస్కెట్లు మాత్రం తగ్గుతూ వస్తాయి చూడండి, ఆ బాపతే. పైగా యుద్ధంలో ధాన్యం కొరత, ప్రభుత్వ ఆంక్షలు. 1914లో దేశంలో బీరు సగటు గ్రావిటీ 1052 దాకా ఉండేది, యుద్ధం ముగిసేసరికి 1030 దగ్గరికి పడిపోయింది. తర్వాత కాస్త లేచింది గానీ పాత ఎత్తుకి మళ్లీ ఎక్కలేదు.

ఇక 1970ల సంగతి. కెగ్ బిట్టర్లని, అంటే మూసేసిన లోహపు డ్రమ్ముల్లో వచ్చేవాటిని, వడగట్టి, పాశ్చరైజ్ చేసి, గ్యాస్ ఎక్కించి, టీవీ ప్రకటనలతో అమ్మేవారు. చాలా చోట్ల వాటికి పాత పద్ధతి పీపా బిట్టర్ కంటే ఎక్కువ రేటు, బలం మాత్రం అంతే లేదా ఇంకా తక్కువ. 1971లో ఐర్లండ్ వెళ్లిన నలుగురు కుర్రాళ్లు కామ్రా అనే వినియోగదారుల ఉద్యమం మొదలుపెట్టారు, ఆ ఉద్యమం చేసిన మంచి పనుల్లో కంపెనీలు దాచుకున్న గ్రావిటీ అంకెల్ని బయటపెట్టడం ఒకటి. అంకె తెలిస్తే లెక్క సులువు. లండన్‌లోని ఫుల్లర్స్ కంపెనీ బీర్లలో చిజిక్ బిట్టర్ 1034 దగ్గర, ఈఎస్‌బీ (ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్) 1054 దగ్గర ఉండేవి. వెయ్యికి పైనున్న 34 పాయింట్లకి వంద ఇస్తే 54 పాయింట్లకి 159 దాకా ఇవ్వొచ్చు, అంతకన్నా తక్కువకి దొరికితే ఈఎస్‌బీయే లాభం.

లాభం అంటే కిక్కు ఒక్కటే అనుకుంటేనే లెండి. సాయంత్రమంతా కబుర్లాడుతూ నాలుగు పైంట్లు తాగేవాడికి 3.5 శాతం బిట్టర్ తక్కువ సరుకేమీ కాదు, కావాల్సిందే అది. నా ఓటు కూడా దానికే.

ఈ లెక్కలో ఇంకో లొసుగుంది. రెండు బీర్లూ 1040 దగ్గర మొదలయ్యాయనుకోండి. ఒకదాన్ని ఈస్ట్ 1006 దాకా తినేసింది, ఇంకోదాన్ని 1012 దగ్గర వదిలేసింది. మొదటిది దాదాపు 4.5 శాతం, రెండోది 3.7. పాయింట్ల లెక్కలో రెండూ సమానం, పన్ను కూడా ఇద్దరికీ ఒకటే, కాబట్టి బాగా పులియబెట్టినవాడికి అదే పన్ను మీద ఎక్కువ ఆల్కహాల్ మిగిలేది. 1993 జూన్‌లో బ్రిటన్ పన్నుని గ్రావిటీ మీంచి తీసి, తయారైన బీరులో ఉన్న ఆల్కహాల్ శాతం మీదికి మార్చాక ఆ మిగులు పోయింది.