వెయ్యి ఉండగా పదకొండే ఎందుకు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఇంట్లో కంప్యూటర్లను తీగలతో కలిపే నెట్‌వర్క్ స్విచ్ మీద 1000 అని రాసుంటే, పక్క గదిలోని కంప్యూటర్‌కి ఫైలు పంపేటప్పుడు స్పీడు 11 దగ్గరే ఆగిపోతోందేమని అడిగారు. సగం చిక్కు లెక్కతోనే విడిపోతుంది. స్విచ్ మీదవి సెకనుకి మెగాబిట్లు, కాపీ అయ్యేటప్పుడు తెర మీద కనిపించేవి సెకనుకి మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 1000ని 8తో భాగిస్తే 125. దారిఖర్చు పోగా 110 పైచిలుకు చేతికొస్తుంది. అంత వస్తే ఏ లోపమూ లేనట్టే. ఇంటర్నెట్ ప్లాను పెంచమని మాత్రం పెద్దవాళ్లను వేధించకండి, ఈ ఫైలు గుమ్మం దాటి వెళ్లడమే లేదు.

ఇసుక తట్టలు చేతులు మారే వరుసను ఊహించుకోండి. గుట్టలోంచి ఎత్తేవాడు పంపే కంప్యూటర్ డిస్కు. మధ్యవాళ్లు కేబులూ స్విచ్చూ. చివర గుమ్మరించేవాడు అందుకునే డిస్కు. నలుగురు ఎంత చురుకైనా, ఐదోవాడు నెమ్మదైతే తట్టలు వాడి నడకే నడుస్తాయి. మనం పట్టుకోవాల్సింది ఆ ఒక్కడినే. అందరినీ ఒక్కసారే మార్చేస్తే దోషి ఎవరో ఎప్పటికీ తెలీదు.

మీ 11 దోషిని దాదాపు పట్టిచ్చేసింది. 100 మెగాబిట్ల దారిలో వచ్చేది సరిగ్గా 11, 12 మెగాబైట్లే. అంటే వరుసలో ఎవరో 1000 మానేసి 100కి దిగారు. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్‌నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. రెండు కంప్యూటర్లలోనూ చూడండి. ఎక్కడ 100 ఉంటే ఆ కేబుల్ మీదే ముందు అనుమానం.

ఆ కేబుల్ ఊడదీసి కొనను వెలుతురులో పట్టుకోండి. ఎనిమిది బంగారు రంగు పిన్నులు, వాటి వెనక ఎనిమిది రంగు తీగలు, అంటే నాలుగు జతలు. 100కి రెండు జతలు చాలు: 1, 2, 3, 6 పిన్నులు. 1000కి నాలుగూ కావాలి. నీలం జతలోనో గోధుమరంగు జతలోనో ఒక్క తీగ సరిగా తగలకపోయినా కంప్యూటర్‌లో ఆ కేబుల్ తగిలే నెట్‌వర్క్ కార్డులు చాలావరకు చప్పుడు చేయకుండా 100కి దిగి పనిచేస్తూనే ఉంటాయి. వెబ్‌సైట్లన్నీ మామూలుగానే తెరుచుకుంటాయి కనుక ఎవరికీ అనుమానం రాదు. పూర్తిగా తెగిన తీగ కంటే ఇలా సగం పనిచేసేదే ఎక్కువ తిప్పలు పెడుతుంది. కేబుల్ మార్చినా లింక్ స్పీడ్ 100 దగ్గరే ఉండిపోతే స్విచ్‌లో వేరే పోర్టుకి పెట్టండి. తర్వాత విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో కార్డు స్పీడు ‘ఆటో’లో ఉందో, ఎవరైనా 100కి బిగించారో చూడండి.

లింకు 1000 చూపించినా నెమ్మదైతే ఐపెర్ఫ్ 3 అనే ఉచిత ప్రోగ్రామ్ రెండువైపులా నడపండి. ఇది డిస్కుల జోలికి పోదు, ఒట్టి తట్టలే తిప్పుతుంది. 940 మెగాబిట్ల దాకా వస్తే మధ్యవాళ్లంతా నిర్దోషులు. ఇక ఎత్తేవాడో, గుమ్మరించేవాడో. కాపీ మొదట 110తో పరుగెత్తి, కాసేపటికి 30కి పడిపోతే చివరివాడి పనే. మొదట వచ్చినదంతా మెమరీలో సర్దుకుంది, అది నిండాక డిస్కు అసలు వేగం బయటపడింది. యూఎస్‌బీ 2 పోర్టుకి తగిలించిన డిస్కు 30, 40 దాటదు.

ఒక పెద్ద ఫైలు బాగా వెళ్లి, వేలాది చిన్న ఫైళ్లు మాత్రం ఈడిస్తే ఏదీ పాడవలేదు. తట్ట తట్టకీ ‘ఇవ్వనా’, ‘ఇవ్వు’ అని అడిగి అందిస్తున్నారంతే, మధ్యలో యాంటీవైరస్ ఒక్కో తట్టనీ తడిమి చూస్తుంటుంది. అన్నిటినీ ఒక జిప్‌గా కట్టి పంపండి. కుదించడంలో వేగం పోకుండా కంప్రెషన్ లేని జిప్ చాలు.

వైఫైలో తట్టల ఉపమానం నిలవదు. అక్కడ గాలి ఒక్కటే, ఒకసారికి ఒకరే మాట్లాడాలి. రెండు కంప్యూటర్లూ వైఫైలోనే ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, వేగం సగానికి పడుతుంది. పరీక్ష చేసేంతసేపైనా రెంటినీ తీగకే కట్టండి.

ఇక కాగితం, గడియారం దగ్గర పెట్టుకుని 5 జీబీ ఫైలొకటి పంపండి. ఇప్పుడున్న 11తో ఏడు నిమిషాలు దాటుతుంది. కేబుల్ మార్చాక అదే ఫైలు మళ్లీ పంపండి. ముప్పావు నిమిషంలో అయిపోతే పాత కేబుల్‌కి ముడివేసి పక్కన పడేయండి, ఇంకెవరూ మళ్లీ తగిలించకుండా.

మీ
తాతయ్య