నైట్రోజనా, క్లోరినా: కీ షీట్ తగువు వెనక 1961

విశాఖ ద్వారకానగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో వారాంతపు పరీక్ష కీ మళ్లీ తగువు పెట్టింది. ఋణవిద్యుదాత్మకత ఎక్కువ ఉన్న మూలకం ఏదని అడిగి సల్ఫర్, ఫాస్ఫరస్, నైట్రోజన్, క్లోరిన్ ఇచ్చారు. కీలో జవాబు క్లోరిన్. నైట్రోజన్ పెట్టిన పిల్లలకు నాలుగు మార్కులు రాలేదు సరికదా, చేతిలో ఉన్నది ఒకటి పోయింది. "ఏటండీ ఇది, పుస్తకంలో నైట్రోజన్‌కూ క్లోరిన్‌కూ విలువ మూడే కదా?" అని ఒక తండ్రి రిసెప్షన్ దగ్గర నిలదీశారు. ఏడాదికోసారైనా ఏదో ఒక సెంటర్‌లో లేచే గొడవే ఇది.

బంధంలో పంచుకున్న ఎలక్ట్రాన్ జంటను ఏ పరమాణువు ఎంత గట్టిగా తనవైపు గుంజుకుంటుందన్నదే ఋణవిద్యుదాత్మకత. ఇంటర్ గడప తొక్కినవాళ్లకు ఇది కొత్త కాదు. పాతకాలపు రసాయనవేత్త బెర్జీలియస్ నాటి నుంచి ఎత్తుకోనక్కర్లేదు. అమెరికన్ రసాయనవేత్త లైనస్ పాలింగ్ 1932లో దీనికి అంకెలు కట్టాడన్నదీ అందరూ చదివిందే. ఆ అంకెలు ఎలా పుట్టాయన్నది మాత్రం చాలామంది చూడరు. పిల్లలు 'ఈఎన్ (ఎలక్ట్రోనెగటివిటీ) వేల్యూ' అని బట్టీ పట్టేస్తారు, అంతే.

హైడ్రోజన్ అణువులో బంధం తెంచడానికి మోల్‌కు 436 కిలోజౌళ్లు కావాలి. క్లోరిన్ అణువుకు 243. ఇద్దరూ సమానంగా పంచుకుంటే హైడ్రోజన్ క్లోరైడ్ బంధం వీటి సగటు దగ్గర, అంటే 340 దగ్గర తెగిపోవాలి. తెగదు, 432 దాకా లాగాలి. పైన పడిన ఆ 92, ఎలక్ట్రాన్లు ఒక పక్కకు ఒరగడం వల్ల బంధానికి వచ్చిన అదనపు బలం అన్నాడు పాలింగ్. దాన్ని 96.5తో భాగించి ఎలక్ట్రాన్ వోల్టులు చేసి వర్గమూలం తీస్తే సుమారు 0.98 వస్తుంది. హైడ్రోజన్‌కూ క్లోరిన్‌కూ మధ్య తేడా అది. గమనించాల్సింది ఏమిటంటే, ఈ పద్ధతిలో దొరికేవి తేడాలే. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఆయన ఇష్టం. కార్బన్ 2.5, నైట్రోజన్ 3.0, ఆక్సిజన్ 3.5, ఫ్లోరిన్ 4.0 వచ్చేలా ఒక స్థిరాంకం కలుపుకున్నాడు, అరల లెక్కన మెట్లు కట్టినట్టు. క్లోరిన్‌కూ 3.0 పడింది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పట్టికలో ఉన్నవి ఈ అంకెలే. ఆ తండ్రి మాటలో తప్పేం లేదు.

అసలు మలుపు 1961. ఎ.ఎల్. ఆల్‌రెడ్ అనే అమెరికన్ రసాయనవేత్త అప్పటికి మెరుగైన బంధశక్తులు తీసుకుని పాలింగ్ లెక్కను తిరగకట్టాడు. ఫ్లోరిన్ 3.98, హైడ్రోజన్ 2.20 అయ్యాయి. ఇన్నాళ్లూ 3.0 దగ్గర పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో క్లోరిన్ 3.16కి ఎక్కింది, నైట్రోజన్ 3.04 దగ్గర ఆగింది. ఆ 0.12 మీదే ఇవాళ్టి కీ నిలబడింది.

విచిత్రం ఏమిటంటే, అంతకు మూడేళ్ల ముందు 1958లో ఇదే ఆల్‌రెడ్, రోచో అనే మరో రసాయనవేత్తతో కలిసి మరో కొలమానం తయారుచేశాడు. అందులో బంధశక్తుల గొడవ లేదు. బంధం దగ్గరి ఎలక్ట్రాన్‌ను కేంద్రకం ఎంత బలంగా లాగుతుందో నేరుగా లెక్కగట్టడమే, కాబట్టి దూరం వర్గంతో భాగించాలి. నైట్రోజన్ వ్యాసార్థం సుమారు 0.74 ఆంగ్‌స్ట్రామ్‌లు, క్లోరిన్‌ది 0.99. క్లోరిన్ కేంద్రకం లాగుడు పెద్దదే అయినా దూరం దాన్ని ముంచేస్తుంది. ఆ పట్టికలో నైట్రోజన్ 3.07, క్లోరిన్ 2.83. ఒకే మనిషి చేతి మీదుగా రెండు జవాబులూ వచ్చాయన్నమాట. 1989లో లెలాండ్ ఆలెన్ అనే రసాయనవేత్త బయటి ఎలక్ట్రాన్ల సగటు శక్తితో కట్టిన పట్టికలోనూ నైట్రోజన్‌దే పైచేయి. పైగా బంధశక్తుల లెక్కలో నైట్రోజన్ మొదటి నుంచీ పేచీకోరే. దాని త్రిబంధం తెంచడానికి 945 కిలోజౌళ్లు కావాలి, ఏకబంధానికి 160 చాలు. పాలింగే నైట్రోజన్ ఉన్న చోటల్లా వేరే దిద్దుబాటు వేసుకోవాల్సి వచ్చింది.

సెంటర్ వాళ్ల వాదన, క్లోరిన్‌కు ఎలక్ట్రాన్ ఎఫినిటీ (ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు వెలువడే శక్తి) 349 కిలోజౌళ్లు, నైట్రోజన్‌కు దాదాపు సున్నా అని. అంకెలు నిజమే. అయితే అవి ఒంటరి పరమాణువు సంగతి చెబుతాయి, బంధంలో ఉన్నదాని సంగతి కాదు.

మద్దిలపాలెంలో ట్యూషన్ చెప్పే ఒక మాస్టారు ప్రశ్నపత్రం వెనక రెండే రెండు సమీకరణాలు రాసి చూపించారు. నైట్రోజన్ ట్రైక్లోరైడ్‌ను నీళ్లతో కలిపితే అమ్మోనియా, హైపోక్లోరస్ ఆమ్లం వస్తాయి. అంటే నీటిలోని ధనావేశపు హైడ్రోజన్ పోయి నైట్రోజన్‌ను పట్టుకుంది, మిగిలిన ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) క్లోరిన్‌కు దక్కింది. అదే ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్ అయితే కథ తిరగబడుతుంది. హైడ్రోజన్ క్లోరిన్‌తో వెళ్తుంది, ఓహెచ్‌లు ఫాస్ఫరస్‌కు మిగులుతాయి. "ఎవరి దగ్గర రుణావేశం ఉందో హైడ్రోజన్‌నే అడగరాదా బాబూ," అన్నారాయన. నైట్రోజన్‌కు ఖాళీ డి ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు చేరగల ఒక రకం చోట్లు) లేకపోవడం వల్లే ఇలా జరుగుతుందని సెంటర్ ఫ్యాకల్టీ అంటున్నారు. అదీ ఉంది. (ఈత కొలను దగ్గర ముక్కు మండించే వాసనలో ఈ నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పాత్ర ఉంది. 1811లో దీన్ని కనిపెట్టిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త డ్యూలాంగ్ పేలుళ్లలో ఒక కన్నూ రెండు వేళ్లూ పోగొట్టుకున్నాడు.)

ఈ అంకెలతోనే అదే సెంటర్ నోట్సులో, రెండు మూలకాల విలువల తేడా 1.7 దాటితే అయానిక బంధం (ఉప్పులో ఉండేలాంటిది) అని డబ్బాలో కట్టి ఉంది. ఫ్లోరిన్ 4.0, హైడ్రోజన్ 2.1, తేడా 1.9. ఆ లెక్కన హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉప్పులా గడ్డకట్టి ఉండాలి. అది 19.5 డిగ్రీలకే మరుగుతుంది, విశాఖ ఎండకు సీసా మూత తీస్తే చాలు, వాయువై పోతుంది.

వచ్చే పరీక్ష నుంచి ప్రశ్నలో 'పాలింగ్ కొలమానం ప్రకారం' అని కలుపుతారట. ఈసారికి మాత్రం కీ మారదని నోటీసు బోర్డులో పెట్టారు. ఏ పాలింగ్ పట్టిక, పుస్తకంలో ఉన్నదా ఆల్‌రెడ్ దిద్దినదా అని ఆ నోటీసు కిందే ఎవరో కుర్రాడు పెన్సిల్‌తో రాసిపోయాడు.