మంచు వదిలిన నీటిలో మొదటి ప్రాణులు

హిమానీనదం వెనక్కి తగ్గినప్పుడు అది వేల ఏళ్లుగా తొలిచిన గుంట బయటపడుతుంది. కరిగిన నీరు ఆ గుంటలో చేరి, ఆ హిమానీనదమే తోసుకొచ్చి పోసిన రాళ్ల గట్టు దానికి అడ్డుగా ఉంటే అక్కడొక సరస్సు ఏర్పడుతుంది. స్విట్జర్లాండ్‌లో 1850 ప్రాంతం నుంచి ఈ విధంగా దాదాపు 1,200 సరస్సులు పుట్టాయని 2021లో వెలువడిన ఒక జాబితా తేల్చింది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2020లో ప్రచురితమైన మరో అధ్యయనం ప్రకారం 1990, 2018 మధ్య ప్రపంచంలో హిమానీనద సరస్సుల సంఖ్య సుమారు 53 శాతం పెరిగింది. సిక్కింలోని సౌత్ ల్హోనక్ సరస్సు గత కొన్ని దశాబ్దాలలో ఎన్నో రెట్లు విస్తరించి, 2023 అక్టోబరులో గట్టు తెగి తీస్తా లోయను ముంచెత్తింది. ఇటువంటి సరస్సులు వార్తల్లోకి వచ్చేది చాలావరకు అలాంటి విపత్తు సమయంలోనే. అయితే జీవశాస్త్రవేత్తలకు వీటిపై ఉన్న ఆసక్తి వేరు. నిన్నటిదాకా మంచు ఉన్న చోట ఈరోజు నీరుంది. అందులో చేప లేదు, నాచు లేదు, నత్త లేదు. అక్కడికి మొదట ఎవరు వస్తారు, ఎలా వస్తారు, వచ్చినవారిలో ఎవరు నిలుస్తారు?

ఎలా వస్తారన్న ప్రశ్నకు జవాబు చాలావరకు తెలిసినదే. సరస్సు నీటిలో తేలుతూ బతికే సూక్ష్మ జంతువులలో, అంటే జంతు ప్లవకాలలో, ముఖ్యమైనవి మూడు గుంపులు: రోటిఫర్లు, డాఫ్నియా వంటి ‘వాటర్ ఫ్లీ’లు, కోపెపాడ్‌లు. రెండు నీటి వనరుల మధ్య నేల మీద నడిచి వెళ్లే శక్తి వీటిలో దేనికీ లేదు. ప్రయాణించేది చాలాసార్లు జంతువు కాదు, దాని గుడ్డు. చలి ముదిరినప్పుడో, తిండి తగ్గినప్పుడో డాఫ్నియా వీపు మీది పెంకులో ఒక భాగం నల్లబడి, గట్టిపడి, సాధారణంగా రెండు గుడ్లను ఇముడ్చుకున్న చిన్న డిప్పగా మారుతుంది. తల్లి కుబుసం విడిచినప్పుడు ఆ డిప్ప వేరుపడి, కొన్ని జాతులలో నీటిపై తేలుతుంది, కొన్నిటిలో అడుగుకు చేరుతుంది. అది ఎండినా, గడ్డకట్టినా, బాతు కడుపులో పడి బయటకు వచ్చినా లోపలి గుడ్డు బతికి ఉండగలదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక సరస్సు అడుగు బురద నుంచి తీసిన డాఫ్నియా గుడ్లలో 600 ఏళ్లు పైబడినవి కూడా పొదిగాయని 2014లో ప్రకటించారు. మన చెరువులు వేసవిలో నెర్రెలు విచ్చాక, తొలకరి నీరు చేరిన కొద్దిరోజులకే అందులో సూక్ష్మజీవులు కదలాడడానికి కారణం కూడా బురదలో నిద్రించే ఇటువంటి గుడ్లే.

ఈ డిప్పలను మోసుకెళ్లేవి ప్రధానంగా నీటి పక్షులు. గాలి, ప్రవాహాలు కూడా కొంత తోడ్పడతాయి. ఈ విషయంలో తొలి ప్రయోగాలు చేసినవారిలో డార్విన్ ఒకరు. బాతు పాదాలను నత్త గుడ్లు పొదుగుతున్న నీటిలో వేలాడదీస్తే, అప్పుడే పుట్టిన నత్తపిల్లలు వాటికి అతుక్కుని, తడి గాలిలో 12 నుంచి 20 గంటల వరకు బతికి ఉన్నాయని ఆయన 1859లోనే రాశారు. ఆయన చివరి రచనలలో ఒకటి కూడా ఇదే అంశం మీద కావడం విశేషం: కాలికి చిన్న ఆల్చిప్ప పట్టుకుని ఉన్న ఒక నీటి పురుగు గురించి 1882 ఏప్రిల్‌లో, మరణానికి రెండు వారాల ముందు, నేచర్ పత్రికలో ఆయన ప్రచురించారు. ఆ పురుగును ఆయనకు పంపిన వ్యక్తి వాల్టర్ డ్రాబ్రిడ్జ్ క్రిక్. డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్‌కు ఆయన తాత. పక్షి కడుపులో గుడ్లు నిలిచేది సాధారణంగా కొన్ని గంటలే కనుక, ఖండాలు దాటే ప్రయాణాలకన్నా పొరుగు లోయలోని పాత సరస్సు నుంచి వచ్చే రాకపోకలే ఎక్కువని భావించవచ్చు.

ఇంత సులువుగా రాగలిగితే ప్రతి కొత్త సరస్సూ కొద్ది ఏళ్లలోనే ఒకే రకమైన జీవులతో నిండిపోవాలి. అలా జరగడం లేదు. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది: చేరుకోవడం ఒక పరీక్ష అయితే, ఒంటరిగా చేరిన ప్రాణి వంశాన్ని నిలపడం అంతకన్నా కఠినమైన పరీక్ష. డాఫ్నియాకు ఈ రెండో పరీక్ష దాదాపు లేనట్టే. గుడ్డు నుంచి పుట్టిన ఒక్క ఆడది మగజీవి అవసరం లేకుండానే, అనిషేకజననం ద్వారా, తన ప్రతిరూపాలైన ఆడపిల్లలను వరుసగా కంటుంది. కాబట్టి ఒకే ఒక్క గుడ్డు ఒక సరస్సును నింపగలదు. ఆర్కిటిక్ ప్రాంతంలోని అనేక డాఫ్నియా వంశాలు మరో అడుగు ముందుకు వేసి, నిద్రాణ గుడ్లను కూడా మగవి లేకుండానే పెడతాయి. డెల్లాయిడ్ అనే రోటిఫర్లలోనైతే మగజీవులను ఇంతవరకు ఎవరూ చూడలేదు. సైబీరియా శాశ్వత హిమభూమిలో సుమారు 24,000 ఏళ్లు గడ్డకట్టి ఉన్న ఒక రోటిఫర్ తిరిగి మేలుకుని సంతానాన్ని కన్నదని 2021లో రష్యా శాస్త్రవేత్తలు వెల్లడించారు.

కోపెపాడ్‌లలో ఒక ఉపగుంపైన కలనాయిడ్‌ల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. వీటిలో సంతానానికి ఆడ, మగ రెండూ కావాలి. పెక్కు జాతులలో ప్రతి విడత గుడ్లకూ మళ్లీ జత కూడాలి. పెద్ద సరస్సులో పది మగవి, పది ఆడవి ఉన్నా అవి ఒకదానికొకటి తారసపడకపోతే లేనట్టే లెక్క. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాలలో హిమానీనదాలు తొలిచిన సరస్సులలో ఒకప్పుడు చేపలు ఉండేవి కావు. మనుషులు ట్రౌట్ చేపలను వదిలిన తరువాత హెస్పెరోడయాప్టమస్ షోషోనీ అనే పెద్ద ఎర్ర కోపెపాడ్ అక్కడ చాలా సరస్సులలో అంతరించింది. చేపలను తొలగించాక కూడా అది కొన్ని సరస్సులకు తిరిగి రాలేదు. ఆండ్రూ క్రేమర్, ఒర్లాండో సార్నెల్, రోలాండ్ నాప్ 2008లో ప్రచురించిన పరిశోధన ఇందుకు కారణాన్ని చూపింది: ఒక స్థాయి సాంద్రతకు దిగువన ఉన్నప్పుడు జతలు కుదరక జనాభా పెరగడానికి బదులు తరుగుతుంది. సైక్లోపాయిడ్ అనే మరో ఉపగుంపు కోపెపాడ్‌లకు మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఒకసారి జతకూడిన ఆడది వీర్యాన్ని దాచుకుని పలు విడతలు గుడ్లు పెట్టగలదు.

అయితే డాఫ్నియాకు కూడా కొత్త సరస్సు తలుపులు వెంటనే తెరుచుకోవు. హిమానీనదం కదులుతూ అడుగు రాతిని నూరుతుంది, ఆ రాతి పిండి నీటిలో కలిసి నెలల తరబడి తేలుతూ ఉంటుంది. సరస్సు పాలలాగానో, బూడిద రంగులోనో కనిపించడానికి కారణం అదే. డాఫ్నియా తన కాళ్ల మీది సన్నని రోమాల జల్లెడతో నీటిని వడకట్టి, చిక్కిన రేణువులన్నిటినీ నోటికి చేర్చుకుంటుంది. ఏది శైవలం (సూక్ష్మమైన నీటి నాచు), ఏది రాయి అని ఏరుకునే నేర్పు దానికి పెద్దగా లేదు. రాతి పిండి రేణువులలో చాలా వాటి పరిమాణం సరిగ్గా దాని ఆహారపు పరిమాణమే కావడంతో కడుపు రాతితో నిండుతుంది, ప్రాణి మాత్రం ఆకలితో మాడుతుంది. పైగా వెలుతురు లోతుకు చొరబడనందువల్ల శైవలాల పెరుగుదల కూడా తక్కువే. కోపెపాడ్‌లు ఆహారాన్ని రుచి చూసి ఎంచుకోగలవు కనుక మురికి నీటిలో అవి మెరుగ్గా నెగ్గుకొస్తాయి. ఆల్ప్స్ పర్వతాలలో ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్ సొమ్మారుగా బృందం చాలాకాలంగా అధ్యయనం చేస్తున్నది ఇటువంటి సరస్సులనే.

హిమానీనదం మరింత వెనక్కి జరిగి సరస్సుతో సంబంధం తెంచుకున్నాక పిండి అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. ఆ తేట నీటిలో కొత్త ప్రమాదం ఎదురవుతుంది: ఎత్తైన ప్రాంతపు అతినీలలోహిత కిరణాలు ఇప్పుడు లోతుకు చొచ్చుకొస్తాయి. ఎవరెస్టు సమీపంలోని ఖుంబు ప్రాంతపు తేట సరస్సులలో నివసించే ఒక రకం డాఫ్నియా రక్షణగా మెలనిన్ అనే నల్లటి వర్ణకంతో కప్పుకుని ఉంటుంది. కోపెపాడ్‌లు తాము తినే శైవలాల నుంచి కెరోటినాయిడ్లు అనే వర్ణకాలను నిలువచేసుకుని ఎర్రబడతాయి. చేపలు ఉన్న చోట ఈ రంగు వాటి ప్రాణానికే ముప్పు, కాని కొత్త సరస్సుకు చేపలు రావడం అరుదు.

నీటి రసాయనం కూడా కాలంతో మారుతుంది. అలాస్కాలోని గ్లేసియర్ బేను 1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ నౌకాయాత్ర బృందం చూసినప్పుడు అది దాదాపు పూర్తిగా మంచుతో నిండి ఉంది. నేడు మంచు అంచు అక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్లు వెనక్కి వెళ్లింది. అందువల్ల ఆ లోయ వెంట వేర్వేరు వయసుల సరస్సులు దొరుకుతాయి. వాటిని పరిశీలించిన డేనియల్ ఎంగ్‌స్ట్రామ్ బృందం 2000లో నేచర్ పత్రికలో ఒక ఊహించని ఫలితాన్ని ప్రకటించింది: సరస్సు వయసు పెరిగేకొద్దీ పోషకాలు పెరుగుతాయన్న పాత నమ్మకానికి విరుద్ధంగా, అక్కడి నీటిలో లవణాలు క్రమంగా పలచబడి ఆమ్లత పెరిగింది, కరిగిన సేంద్రియ కర్బనం ఎక్కువైంది. డాఫ్నియా పెంకుకు కాల్షియం కావాలి కనుక, తాజా రాతి నుంచి లవణాలు కడిగి తెచ్చే యవ్వన దశ ఒక విధంగా దానికి అనుకూలమే. ఇబ్బంది ఆ రాయి పిండిగా తేలుతున్నంత కాలమే.

ముందుగా వచ్చిన వంశం తరువాత వచ్చే వాటికి దారి మూసేస్తుందని బెల్జియం శాస్త్రవేత్త లూక్ డి మీస్టర్, ఆయన సహచరులు 2002లో వాదించారు. తొలి డాఫ్నియా సంతతి వేగంగా పెరిగి, స్థానిక పరిస్థితులకు ఇమిడి, నిద్రాణ గుడ్లతో అడుగు బురదను నింపేస్తుంది. ఆ తరువాత పక్షులు ఎన్ని గుడ్లు తెచ్చినా వాటి వాటా స్వల్పం. కూతవేటు దూరంలో ఉన్న రెండు సరస్సులలో ఒకే జాతి డాఫ్నియా జన్యుపరంగా బాగా తేడాగా ఉండడానికి ఇది వివరణ కాగలదు.

నిద్రాణ గుడ్లు లేనివాటి కథ వేరు. మైసిస్ అనే రొయ్యవంటి జంతువు గుడ్లను పొట్ట కింది సంచిలో మోస్తుంది. పక్షి వీపున ఎక్కే దశ దానికి లేదు. మంచు యుగం చివర హిమానీనదం అంచున ఏర్పడిన మహా సరస్సులలో అది ఈదుతూ వ్యాపించింది. ఆ మహా సరస్సులు ఇంకిపోయాక, వాటి పాత తీరరేఖకు లోపల ఉన్న సరస్సులలోనే అది మిగిలింది, పైఎత్తున ఉన్నవాటికి వేల ఏళ్ల తరువాత కూడా చేరలేదు. ఆ గీతను చివరకు దాటించింది మనుషులు. చేపలకు మేతగా ఉంటుందని 1963, 1965 మధ్య కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులోని టాహో సరస్సులో మైసిస్‌ను వదిలారు. పగలు లోతున దాగి రాత్రి పైకి వచ్చే మైసిస్ ఆ చేపలకు ఆశించినంతగా చిక్కలేదు సరికదా, 1970ల తొలి సంవత్సరాలకల్లా అక్కడి డాఫ్నియాను దాదాపు తుడిచిపెట్టింది.