వచ్చిన దారే వేరు

1907 డిసెంబరు 19న పెన్సిల్వేనియాలోని డార్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 239 మంది చనిపోయారు. వారిలో 71 మంది హంగరీ నుంచి వచ్చినవారు. ఆ కాలంలో అమెరికా గనులకూ ఉక్కు కర్మాగారాలకూ చేరిన హంగరీవాళ్లలో ఎక్కువ మంది సెంటు భూమి లేని పల్లెటూరి కూలీలు. నాలుగైదేళ్లు ఒళ్లు వంచి కొంత సొమ్ము కూడబెట్టుకుని, తిరిగి ఊరికి వెళ్లి పొలం కొనుక్కోవాలన్నది వాళ్ల ఆశ. పైసా మిగుల్చుకోవడానికి ఒకే ఇంట్లో పది పదిహేను మంది ఉండేవారు. పగటి షిఫ్టు మనిషి లేచి వెళ్లిన మంచం మీదే రాత్రి షిఫ్టు మనిషి వచ్చి పడుకునేవాడు. ఆ బసను వాళ్లు ‘బుర్దోష్ హాజ్’ అనేవారు. ఇంగ్లీషు ‘బోర్డర్’కు తమ భాషలో ‘ఇల్లు’ చేర్చి అల్లుకున్న మాట అది.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1957 జనవరిలో, ఆండ్రాష్ గ్రోఫ్ అనే ఇరవై ఏళ్ల హంగరీ యువకుడు అమెరికాలో కాలు పెట్టాడు. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ న్యూయార్క్ సిటీ కాలేజీలో ఫీజు లేకుండా కెమికల్ ఇంజనీరింగ్ చదివాడు, 1963లో బర్కిలీలో డాక్టరేటు పొందాడు. ఆండ్రూ గ్రోవ్ అనే కొత్త పేరుతో ఇంటెల్ సంస్థకు అధిపతి అయ్యాడు.

ఆ గని కార్మికుడూ, ఈ ఇంజనీరూ ఇద్దరూ హంగరీవాళ్లే. అమెరికా జనగణన పట్టికలో ఇద్దరి మునిమనవళ్లూ ‘హంగరీ సంతతి’ అనే ఒకే గడిలో పడతారు. ఆ గడి సగటు ఆదాయాన్ని తీసి, పక్కన ‘ఆఫ్రికా సంతతి’ సగటును పెట్టి, ఈ జాతి పైకొచ్చింది, ఆ జాతి వెనకబడింది, లోపమంతా వాళ్ల సంస్కృతిలోనే ఉంది అని తీర్పు చెప్పేవారు ఎప్పుడూ ఉంటారు. అలాంటి పోలికలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, కోపమూ వస్తుంది. అందులోని అంకెలు సరైనవే కావచ్చు. వాటిని పోసిన గడులే తప్పు.

ఆఫ్రికా గడినే చూడండి. అందులో మొదటివాళ్లు అసలు వలసవచ్చినవారే కారు. 1619 తర్వాత దాదాపు రెండు శతాబ్దాల పాటు, ఇప్పటి అమెరికా భూభాగానికి సుమారు 4 లక్షల మంది ఆఫ్రికన్లను సంకెళ్లతో తీసుకొచ్చారు. 1860 నాటికి బానిసత్వంలో ఉన్న వాళ్ల సంతతి దాదాపు 40 లక్షలు. ఇవాళ అమెరికాలోని నల్లజాతివారిలో అత్యధికులు వాళ్ల వారసులు. రెండోవాళ్లు 1965లో వలసచట్టం మారాక, అందులోనూ 1990 తర్వాత, విమానాల్లో వచ్చిన నైజీరియా, ఘనా, ఇథియోపియా, కెన్యా దేశస్థులు. ఆఫ్రికాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నల్లజాతివారు 2000లో సుమారు 6 లక్షలు ఉంటే, 2019 నాటికి 20 లక్షలయ్యారు. సహారాకు దక్షిణాన ఉన్న దేశాల నుంచి వచ్చిన పెద్దలలో దాదాపు 40 శాతం మందికి డిగ్రీ ఉంది. అమెరికాలోనే పుట్టినవారిలో ఈ వాటా మూడోవంతు. నైజీరియన్లను విడిగా తీస్తే 60 శాతం దాటుతుంది.

మరి నైజీరియావాళ్లు పుట్టుకతోనే చదువరులా? మనకు బాగా తెలిసిన ఉదాహరణతో చూద్దాం. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలను ఏరి, ప్రత్యేక బ్యాచ్‌లో కూర్చోబెట్టి, రెండేళ్ల తర్వాత వాళ్ల ర్యాంకులను ఫ్లెక్సీలకెక్కించే జూనియర్ కాలేజీలు మన ఊళ్లలో కొల్లలు. ఆ ర్యాంకుల్లో ఎంత భాగం కాలేజీ బోధనది, ఎంత భాగం ఏరికదన్నది విడదీయకుండా కాలేజీ ప్రతిభను కొలవలేం. వలస కూడా అలాంటి ఏరికే. లాగోస్ నుంచి అమెరికా రావాలంటే టికెట్ డబ్బు కావాలి, వీసా కావాలి, ఎక్కువ సందర్భాల్లో విశ్వవిద్యాలయ ప్రవేశమో ఉద్యోగమో కావాలి. దేశం మొత్తంలో ఆ జల్లెడ దాటగలిగేది చాలా కొద్దిమంది.

సింథియా ఫెలిసియానో అనే సామాజిక శాస్త్రవేత్త 2005లో దీన్ని లెక్కగట్టి చూపారు. అమెరికాలోని 32 వలసవర్గాలను తీసుకుని, వచ్చినవారి చదువును స్వస్థలంలో మిగిలినవారి చదువుతో పోల్చారు. ప్యూర్టోరికో తప్ప మిగిలిన 31 వర్గాల్లోనూ వచ్చినవారిదే ఎక్కువ చదువు. వర్గానికీ వర్గానికీ మధ్య ఆ తేడా ఎంతన్నది మాత్రం మారుతుంది. ఆ తేడా పెద్దదైన వర్గాల పిల్లలు కాలేజీ చదువుల్లోనూ ముందున్నారు. అంటే తల్లిదండ్రులు అమెరికాలో చేసే పని కంటే, సొంత దేశంలో వాళ్లు ఏ మెట్టు మీద నిలబడి వచ్చారన్నది పిల్లల చదువు గురించి చాలా చెబుతుంది. టాక్సీ నడిపే తండ్రి ఇంటి దగ్గర హెడ్మాస్టరై ఉండవచ్చు. ఆ ఇంట్లో పుస్తకం విలువ టాక్సీ సంపాదనతో కొలిచేది కాదు.

ఈ ఏరిక నీడ పెద్ద విశ్వవిద్యాలయాల్లో కూడా కనిపించింది. పేరున్న 28 కాలేజీల్లో 1999లో చేరిన నల్లజాతి విద్యార్థులను సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ, ఆయన సహచరులు పరిశీలించారు. వారిలో 27 శాతం మంది వలసవచ్చినవారు, లేదా వలసవచ్చినవారి పిల్లలు. ఐవీ లీగ్ అనే అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాల్లో అయితే 41 శాతం. అదే వయసు నల్లజాతి యువతలో వాళ్ల వాటా కేవలం 13 శాతం. చర్మం రంగు ఒకటే, పూర్వీకుల ఖండం ఒకటే. వచ్చిన దారి మాత్రం వేరు.

అయితే ఏరికతోనే కథ ముగిస్తే అన్యాయం. ఆఫ్రికా నుంచి చదువుకుని వచ్చినవారు కూడా చదువుకు తగిన జీతం అందుకోవడంలో వెనకబడుతున్నారు. సొంత దేశపు పట్టాకు గుర్తింపు దొరక్క వైద్యులు ఆసుపత్రి సహాయకులుగా పనిచేసే పరిస్థితి ఉంది. పైగా పేరు ఒకటుంది. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రం వేరు. తెల్లవారివిగా వినిపించే పేర్లకు పది దరఖాస్తులకు ఒక పిలుపు వస్తే, నల్లవారివిగా వినిపించే పేర్లకు పదిహేనింటికి ఒకటి వచ్చింది.

హంగరీవాళ్లకూ పేరు బాధ తప్పలేదు. ‘హంకీ’ అని వెక్కిరింపులు పడ్డారు. కానీ వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. హంగరీ భాషలో సాబో అంటే దర్జీ, కోవాచ్ అంటే కమ్మరి. సాబో కొడుకు టేలర్ అయిపోవచ్చు, కోవాచ్ కూతురు స్మిత్ అయిపోవచ్చు. ఒక్క సంతకంతో వెక్కిరింపు వెనకబడిపోతుంది. చర్మాన్ని అలా అనువదించుకోలేం.

దీనివల్ల లెక్కల్లో కూడా ఒక చిక్కు వస్తుంది. మూడో తరం, నాలుగో తరం వచ్చేసరికి ఇతరులను పెళ్లాడి, పేరు మార్చుకుని, తాము హంగరీ సంతతి అన్న సంగతే చెప్పని వాళ్లు ఎందరో. సర్వేలో సంతతి అనేది ఎవరికి వారు చెప్పుకునేదే. అలా జారిపోయినవారు బాగా సంపాదించినవారైతే మిగిలినవారి సగటు తగ్గుతుంది, పేదలైతే పెరుగుతుంది. పది లక్షలకు పైగా మంది ఇవాళ తమది హంగరీ మూలమని చెబుతున్నారు కానీ, 1907 నాటి గని కార్మికుల వారసులందరూ ఆ లెక్కలో లేరు. నల్లజాతి గడిలోంచి బయటికి నడిచి వెళ్లిపోయే స్వేచ్ఛ మాత్రం చాలామందికి ఎన్నడూ లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన పోలిక శరణార్థులది. 1956 అక్టోబరు 23న బుడాపెస్ట్‌లో తిరుగుబాటు మొదలైంది. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు దాన్ని అణచివేశాయి. సుమారు 2 లక్షల మంది, ఎక్కువగా యువకులు, విద్యార్థులు, నైపుణ్యమున్న కార్మికులు, దేశం దాటారు; వారిలో అత్యధికులు ఆస్ట్రియాకు చేరారు. అప్పటికి అమెరికా చట్టం హంగరీకి కేటాయించిన కోటా ఏడాదికి వెయ్యి లోపే. ప్రభుత్వం ఆ కోటాను పక్కనపెట్టి, విమానాలూ ఓడలూ పంపి, కొద్ది నెలల్లో 30 వేలకు పైగా మందిని తెచ్చుకుంది. న్యూజెర్సీలోని క్యాంప్ కిల్మర్ అనే సైనిక స్థావరంలో దించి, వసతి వెతికి, ఉద్యోగం చూపి పంపించింది. కెనడా ఇంకా ముందుకు వెళ్లింది. షోప్రోన్ పట్టణంలోని అటవీ విద్యాలయం నుంచి సుమారు 200 మంది విద్యార్థులు తమ అధ్యాపకులతో సహా పారిపోయి వస్తే, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఆ బృందాన్ని ఉన్నదున్నట్టుగా తనలో చేర్చుకుంది. ఒక కాలేజీ సగభాగం మహాసముద్రం దాటి, తరగతులు కొనసాగించిందన్నమాట. చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలిగించే సంఘటన ఇది.

సోమాలియా 1991లో కుప్పకూలింది. సరిహద్దు దాటిన లక్షల మంది కెన్యాలోని దదాబ్ శిబిరాలకు చేరారు. అక్కడ శిబిరం విడిచి వెళ్లడానికి అనుమతి ఉండేది కాదు, సక్రమంగా ఉద్యోగం చేసుకునే హక్కు ఉండేది కాదు. కొన్ని నెలలు అనుకున్న బస ఏళ్లయింది, పదేళ్లు దాటింది. శిబిరంలో పుట్టిన పిల్లలు శిబిరంలోనే పిల్లల్ని కన్నారు. వారిలో కొందరు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం చేరేసరికి, చదువు నిండాల్సిన వయసంతా రేషన్ వరుసల్లో గడిచిపోయింది. ఇప్పుడు అక్కడి మిన్నియాపోలిస్ నగరపు సోమాలీల ఆదాయాన్ని 1956 హంగరీ శరణార్థుల ఆదాయంతో పోల్చి, ఆఫ్రికా, ఐరోపా అని పేర్లు పెడితే మనం కొలిచేది దేన్ని? ఒకరిని వారాల్లో చేతులు చాచి తీసుకున్నారు, మరొకరిని ముళ్లకంచె వెనుక తరాల పాటు ఆపి ఉంచారు. ఆ తేడా ఖండానిది కాదు.

హంగరీవాళ్ల మీద కూడా ఒకప్పుడు ఇలాంటి తీర్పే వచ్చింది, అదీ శాస్త్రం పేరుతో. అమెరికా కాంగ్రెస్ నియమించిన డిల్లింగ్‌హామ్ కమిషన్ 1911లో 41 సంపుటాల నివేదిక ఇచ్చింది. దక్షిణ, తూర్పు ఐరోపా నుంచి వచ్చేవారు అమెరికా సమాజంలో సరిగా కలవలేరని తేల్చింది. ఆ ఆలోచనే పెరిగి 1924 చట్టమైంది. హంగరీకి దక్కిన వార్షిక కోటా 473 మంది. రెండు తరాల తర్వాత వాళ్ల మనవళ్లు మిగిలిన తెల్లవారితో కలిసిపోయారు. కమిషన్ కొలిచినది నిన్నమొన్న దిగినవారి పేదరికాన్ని. దాన్ని రక్తలక్షణంగా చదివింది.

కలవడానికి సాయపడినవాటిలో ఊరు కూడా ఒకటి. రన్ అబ్రమిట్‌స్కీ, లియా బోస్టాన్ తదితర ఆర్థికవేత్తలు 1880 నుంచి ఇటీవలి దశాబ్దాల దాకా లక్షలాది తండ్రీకొడుకుల రికార్డులను జతచేసి చూశారు. దాదాపు ఏ దేశం నుంచి వచ్చినా సరే, పేద వలసదారుల కొడుకులు అదే స్థాయి స్థానిక కుటుంబాల కొడుకుల కంటే పైకెదిగారు. అందులో పెద్ద భాగం వాళ్లు దిగిన ఊళ్ల వల్ల వచ్చిన మేలు. కూలి దొరికే, పిల్లలకు బడి ఉండే ఊరిని వలసదారు ఎంచుకుంటాడు. క్లీవ్‌ల్యాండ్, డెట్రాయిట్ వంటి చోట్లకు హంగరీవాళ్లు వెళ్లింది అందుకే. బానిసత్వం పోయిన వాళ్ల సంతతిలో పదింట తొమ్మిది మంది 1900లో ఇంకా దక్షిణాదిలోనే, పత్తి పొలాల దగ్గరే ఉన్నారు.

మన తెలుగువాళ్లలోనే ఇలాంటి రెండు దారులు ఉన్నాయి. 1860లో ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది భారతీయులు నెటాల్ తోటలకు వెళ్లారు. వారిలో తెలుగు జిల్లాల వాళ్లు చాలామంది. నెలకు పది షిల్లింగుల కూలి, ఐదేళ్ల కట్టుబాటు, ఆ తర్వాత తలపన్ను, ఇంకా తర్వాత వర్ణవివక్ష చట్టాలు. చెరకు నరికిన ఆ తెలుగు మనిషిదీ, ఇంజనీరింగ్ పట్టాతో టెక్సాస్‌లో విమానం దిగిన తెలుగు మనిషిదీ ఒకే భాష. అమెరికాలో భారతీయుల ఆదాయం గొప్పగా ఉందన్న వార్త పంచుకునేటప్పుడు డర్బన్ మనుషులు మన మనసులోకి రావాలని నేను నిజంగా కోరుకుంటాను.

చివరిగా క్లీవ్‌ల్యాండ్‌లోని బకై రోడ్డు దగ్గరికి వెళ్దాం. అమెరికాలో హంగరీ కాథలిక్కుల తొలి చర్చి పరగణా అక్కడ 1892లో సెయింట్ ఎలిజబెత్ పేరుతో ఏర్పడింది. ఒకప్పుడు ఆ వీధిలో కసాయి దుకాణం నుంచి వార్తాపత్రిక దాకా అన్నీ హంగరీ భాషలోనే నడిచేవి. దక్షిణాది వదిలి వచ్చిన నల్లజాతివారు కూడా అదే నగరంలో, అవే కర్మాగారాల కోసం చేరారు. 1910లో వాళ్లు 8,448 మంది, 1920లో 34,451 మంది. 1930లలో ప్రభుత్వ గృహరుణ వ్యవస్థ వచ్చినప్పుడు నల్లవారున్న పేటలకు పటాల మీద ఎర్రరంగు పూశారు, అంటే అక్కడ రుణమివ్వడం ప్రమాదమని గుర్తు. వలసకార్మికుల పేటలకూ మంచి గ్రేడు దక్కలేదు కానీ, హంగరీ కార్మికుడి కొడుకు శివారుకు మారితే అక్కడ రుణం దొరికేది. అదే శివారు ఇంటి దస్తావేజులో నల్లవారికి అమ్మరాదన్న షరతు రాసి ఉండేది. ఇల్లమ్మకంలో జాతి వివక్షను దేశవ్యాప్తంగా నిషేధించిన చట్టం 1968లో గానీ రాలేదు. ఆదాయం కంటే ఆస్తిలో తేడా ఎక్కువగా కనిపించడానికి ఇది ముఖ్య కారణం. అమెరికా కేంద్రబ్యాంకు 2022 సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900 డాలర్లు.

1960ల చివర, 1970లలో హంగరీ కుటుంబాలు ఒక్కొక్కటిగా బకై రోడ్డు ఇళ్లు అమ్మి శివార్లకు వెళ్లాయి. ఆ ఇళ్లు కొన్నది ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు. వాళ్లూ ఉద్యోగాలున్నవాళ్లే, పిల్లల్ని చదివించుకోవాలనుకున్నవాళ్లే. కానీ వాళ్లు తాళంచెవి అందుకునేసరికి క్లీవ్‌ల్యాండ్ కర్మాగారాలు మూతపడటం మొదలైంది. పేటలో ఇళ్ల ధరలు పెరగడం ఆగిపోయింది. 2000ల తొలి ఏళ్లలో అధిక వడ్డీ రుణాలు అమ్మేవాళ్లు అవే గుమ్మాలు తట్టారు. 2007, 2008 నాటికి జప్తు నోటీసులు అంటించిన తలుపుల్లో, ఒకప్పుడు హంగరీ మేస్త్రీలు తమ పిల్లల కోసం బిగించుకున్న తలుపులు కూడా ఉన్నాయి.